చాటలో ఊరు

నా చిన్నప్పుడు మా ఊరి భూగోళం చెప్పడానికి పటం అక్కర్లేదు. తూర్పున నల్లమల, పడమట కుందూ నది, నడుమ నల్లరేగడి, ఆ రేగడిలో ఇరుక్కుపోయిన మా నాయన చెప్పు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రోడ్డు మమ్మల్ని ఎరగనట్టు దూరంగా పోయేది. జనాభా చెప్పడమే కష్టం. పత్తి తీసే కాలంలో మధ్యాహ్నం వచ్చి చూస్తే మనుషులకంటే కుక్కలే ఎక్కువ.

పక్కింటి అక్క ఆ ఏడు పదో తరగతి. ఆళ్లగడ్డలో ఇంటర్ చదవాలని ఆమె పట్టు. ఊళ్లోకి బస్సు వస్తేనే పంపుతానని వాళ్ల నాయన పట్టు. రాకపోతే పత్తి సంచే గతి. ఊరంతా కలిసి బస్సు కోసం అర్జీ పెట్టుకుంది. ఎక్కేవాళ్లు ఎందరున్నారో చూసి పోదామని బస్సుల ఆఫీసు సారు ఒకరోజు మోటారుసైకిల్ మీద వచ్చాడు. మిట్టమధ్యాహ్నం వచ్చాడు. చూడ్డానికి కుక్కలున్నాయి.

మా జేజి, అంటే మా నాయనను కన్న తల్లి, మోకాళ్ల నొప్పులతో అరుగు మీదే ఉండేది. చేనికి పోయేవాళ్లంతా ఇంటికి తాళం వేసి బీగంచెవి ఆమె చాటలో వేసి పోయేవాళ్లు. రేగడిలో పడిన బీగంచెవి మళ్లీ దొరికిన చరిత్ర మా ఊళ్లో లేదు.

"బండి ఈడ పెట్టు సారూ. బీగంచెవి నాకిచ్చి పో. మావాడు చేతులు ఊరికే పెట్టుకోడు" అంది నన్ను చూపిస్తూ. జ్వరమని బడి ఎగ్గొట్టిన నేను వెంటనే ఒక దగ్గు దగ్గాను.

సారు ఊరు చుట్టి వచ్చాడు. "ఏందమ్మా ఇది, యాడ చూసినా తాళాలే. బస్సు ఎవరెక్కుతారు? నా బీగంచెవి ఇయ్యి, పోతా."

జేజి చాట ఆయన ముందుకు తోసింది. "దీంట్లోనే పడింది సారూ. నాకు కండ్లు ఆనవు, నువ్వే ఏరుకో." ఆ కండ్లతోనే ఆమె బియ్యంలో రాళ్లు ఏరేది.

సారు ఒక్కొక్కటే తీసి చూస్తుంటే జేజి మెల్లగా అందుకుంది. "అది మూలింటోళ్లది, ఐదు మంది. అది చర్చి పక్కన టీచరమ్మది. ఆమె, మొగుడు, అత్త. అది కొత్తగా పెండ్లైనోళ్లది. కోడలికి నెలలు నిండినాయి, ముగ్గురనుకో."

"కడుపులో ఉండేవాళ్లకు టికెట్ లేదమ్మా."

"పుట్టినాక పెరగదా సారూ?"

ఇంకొకటి తీశాడు. జేజి గొంతులో ఎగతాళి తగ్గింది. "అది పక్కింటి పిల్లది. బస్సొస్తే ఆళ్లగడ్డకు పోయి చదువుతాది. రాకుంటే రోజూ అమ్మానాయనలతో చేనికి పోతాది. ఆ బీగంచెవి మాదిరి ఈడనే పడుంటాది."

సారు దాన్ని కాసేపు చేతిలోనే ఉంచుకుని పక్కన పెట్టాడు. చాట ఖాళీ అయింది. ఆయనది మాత్రం లేదు. జేజి తాపీగా రొంటిలోంచి తీసింది. "అయ్యో, ఈడుండాదే!"

సారు నవ్వలేదు. నవ్వితే బస్సు ఇవ్వాల్సి వస్తుందని కాబోలు. బండెక్కి కూడా కదలకుండా, "ఆ పిల్ల పొద్దున ఎన్ని గంటలకు పోవల్ల?" అన్నాడు.

ఆ జూన్‌లో బస్సు వచ్చింది. దానికి ఊరంతా టెంకాయలు కొట్టేసరికి అక్కకు మొదటి క్లాసు పోయింది.

ఇప్పటికీ ఎవరైనా ఫలానా ఊరు ఖాళీ అంటే నేను వాదించను. తలుపులకు తాళాలున్నాయా అని అడుగుతాను. తాళం వేసి పోయినవాడు మాపటికి తిరిగొస్తాడు. నా బండి బీగంచెవి మాత్రం ఏ ముసలమ్మ చేతికీ ఇవ్వను.