పుత్తూరులో దిగిపోయిన విలుకాడు

ఇంటర్నెట్ సెంటర్లో ఆడే ఆటలో నా విలుకాడికి దక్కిన పాయింట్లన్నీ కండబలానికే పెట్టాను, నాకు లేనిది వాడికైనా ఉండాలని. వాడికి విల్లు వంచడమే గానీ ఒళ్ళు వంచడం తెలీదు. పదకొండుసార్లు డ్రాగన్ నోట్లో పడ్డాడు. ఇప్పుడు కొత్తగా దక్కినవి ఇరవై పాయింట్లు. ఒకసారి పెడితే వెనక్కి రావు.

తిరుపతి నుంచి నగరి బస్సులో వెళ్తూ నోటుబుక్కులో ఆ లెక్కే వేస్తుంటే, పక్కసీట్లోని లుంగీ ఆయన తొంగిచూశాడు. మగ్గం పనట.

"మళ్ళా బలానికేనా అబ్బా? నేను కాళ్ళకి పెట్టినాను. మొన్న సచ్చిపాయ."

"మీ విలుకాడా?"

"డ్రాగనప్పా!"

నేను నోటుబుక్కు మూసేశాను. "బాణం గట్టిగా తగలొద్దా?" అని వాదించాను.

ఆయన లేచి నడవలో నిలబడి లేని విల్లు లాగాడు. "ఒకటి కొట్టు, రెండడుగులు ఎనక్కి పో. మళ్ళా కొట్టు. అది వచ్చేతలికి నువ్వు ఆడ ఉండగూడదు."

నేనూ లేచి విల్లు ఎక్కుపెట్టాను. అంతలో బ్రేకు పడింది. ఆయన రెండడుగులు వేసి నిలదొక్కుకున్నాడు. నేను నడవలో ఎవరో పెట్టిన పూలగంప మీద పడ్డాను.

"సూసినావా!" అని నవ్వుతూ నన్ను లేపి, పుత్తూరులో దిగిపోయాడు.

మరునాడు ఇరవై పాయింట్లూ కాళ్ళకే పెట్టాను. డ్రాగన్ కూలగానే సెంటరంతా కేకలు. ఆయన పేరు పెట్టి నేనూ కేక వేద్దామనుకున్నాను గానీ, అడిగి ఉంటే కదా!