రాక్షసికి చూపించిన మీసం

మొన్న బజారులో వానకు తడిసిన కొబ్బరితాడు వాసన తగిలి కాళ్లు ముందుకు పడలేదు. ఇప్పుడు పడవలకన్నీ నైలాను తాళ్లే, ఆ వాసన పీల్చి ఎన్నేళ్లయిందో.

అరవైల చివర, కళింగపట్నంలో మా ఇంటి చూరు నిండా అదే వాసన. కార్తీకంలో సముద్రం పొంగి పడవలు ఒడ్డెక్కిన రోజుల్లో, ఎండుచేపల బుట్టల పక్కన చేరి, ఉడికించిన తేగలు ఒలుచుకు తింటూ, నేనూ మా చెల్లి చిన్నమ్మీ మా మామ్మ చెప్పే కథ కోసం కాచుకునేవాళ్లం. చిన్నమ్మికి ఎప్పుడూ ఒక్క కథే కావాలి. రాక్షసి ఇంట్లో చిక్కుకున్న బక్కమనిషి లోపల గడియ పెట్టుకుని, తలుపు సందులోంచి పడవ తాడు వదిలి ఇది నా మీసమనీ, చేట చూపించి ఇది నా గోరనీ గదమాయిస్తే, అంత రాక్షసీ హడలిపోయి పరుగెత్తే కథ. ఆ గదమాయింపు దగ్గర మామ్మకు ఎక్కడలేని మగగొంతు వచ్చేది. చిన్నమ్మి పొట్ట పట్టుకుని నవ్వేది.

ఒక ఏడు చలి మొదలవుతూనే చిన్నమ్మికి జ్వరం పట్టుకుంది. నాన్న నరసన్నపేట నుంచి తెచ్చిన మందులు వేసినా దిగలేదు. పిల్ల గంజి కూడా మింగలేకపోయిన రోజు మధ్యాహ్నం, మామ్మ ఉన్నట్టుండి లేచి, పడవ పెద్దతాడు తెచ్చి గుమ్మానికి వేలాడగట్టింది, పక్కనే చేట తగిలించింది. తలుపు వెనక నిలబడి వీధి అదిరేలా అరిచింది.

"ఎవర్తివే? మీసమే ఇంతుంటే మడిసిని ఎంతుంటానో సూసుకో! పో!"

వీధిలో ఎవరూ నవ్వలేదు. మంచం మీంచి చిన్నమ్మి మాత్రం సన్నగా నవ్వింది.

"ఎల్లిపోనాదా మామ్మా?"

"ఎల్లిపోనాదమ్మా. ఎనక్కి సూడకుండా పరిగెట్నాది."

తెల్లారేసరికి చిన్నమ్మి లేదు.

తాడు మామ్మే విప్పింది. ఎల్లిపోనాదన్నావు కదా అని నేను ఆమె కొంగు పట్టుకుని ఏడిస్తే, నా వైపు చూడకుండానే అంది.

"లోపలున్నది ముసల్దాన్నేనని దానికి తెలిసిపోనాదమ్మా."

తర్వాత ఆమె నోట ఆ కథ మళ్లీ వినలేదు. మామ్మ పోయింది, ఆ ఇంటి చోటు కూడా సముద్రం తినేసింది. నా మనవరాలికి ఇప్పుడు ఆ కథ నేనే చెబుతున్నాను. రాక్షసి పారిపోయిందా అని ప్రతిసారీ అడుగుతుంది. పారిపోయిందనే చెబుతాను. ఆ మగగొంతు మాత్రం నాకు ఎంత ప్రయత్నించినా రాదు.