కట్ల సిస్టరు పెద్ద బండి

పుండ్లకు కట్లు కడుతుంది కనుక ఆమెను అందరూ కట్ల సిస్టరు అనేవాళ్లు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేసిన రోగులను వాళ్ల ఇళ్లకే వెళ్లి చూసి రావడం ఆమె ఉద్యోగం. పొద్దున్న ఎనిమిదికి బయల్దేరితే మధ్యాహ్నం మూడయ్యేసరికి ఏడిళ్లు తిరగాలి. ఒకచోట మంచం పట్టిన మనిషిని పక్కకు తిప్పి వీపు మీది పుండు తుడవాలి. ఇంకోచోట మూత్రం గొట్టం మార్చాలి. మరోచోట ఏ పనీ లేకపోయినా పది నిమిషాలు కూర్చుని కోడలి మీద ఫిర్యాదులు వినాలి. సామానంతా కలిపి ఒక సంచీ, ఒక ప్లాస్టిక్ డబ్బా. పదకొండేళ్లు చిన్న కారులోనే తిరిగింది. అది దూరని సందు లేదు.

ఒక వానరోజు సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనక నుంచి పెద్ద బండి ఒకటి వచ్చి గుద్దింది. దాన్ని నడిపిన పెద్దమనిషి దిగి వచ్చి, తల పట్టుకుని, "మీ కారు నాకు కనపడనేలేదమ్మా" అన్నాడు. అబద్ధమాడే ముఖం కాదు. ఆ సంగతే ఆమెకు ఎక్కువ ఒళ్లు మండించింది.

ఆరు వారాలు మెడకు పట్టీ వేసుకుంది. మెడ కుదుటపడింది గాని మనిషి కుదుటపడలేదు. మళ్లీ డ్యూటీలో చేరాక కళ్లు ముందున్న రోడ్డు మీద కంటే అద్దంలోనే ఉండేవి. వెనక ఎవరైనా దగ్గరగా వస్తే చాలు, పక్కకు తీసి దారి ఇచ్చేసేది. ఇంట్లోనూ అంతే. కూర్చున్నది కూర్చున్నట్టే లేచి కిటికీ దగ్గరికి వెళ్లేది, అక్కణ్ణుంచి వంటింట్లోకి, మళ్లీ కిటికీకి.

ఆమె భర్త బడిలో లెక్కల మాస్టారు. అన్నిటికీ ఆయన దగ్గర ఒక సమాధానం ఉంటుంది. "నీ తప్పేం లేదు. చిన్నదాంట్లో ఉన్నావు, అంతే. ఈసారి మనమే పెద్దదాంట్లో ఉంటే సరి" అన్నాడు.

నల్లటి, ఎత్తైన బండి కొన్నారు. మొక్కలు పెంచి అమ్ముకునే మరిది పాత వ్యాను అప్పటికే మూలపడి ఉంది. పాత కారు అతనికిచ్చారు. అతను దాని కిటికీల్లోంచి మొక్కల తలకాయలు బయటికి వేలాడదీసుకుని తిరిగేవాడు.

మొదటి వారం ఆమెకు పల్లకీ ఎక్కినట్టే ఉంది. రెండో వారం నుంచి సందులు గుర్తుకొచ్చాయి. రెండో ఇంటి వీధిలో బండి పట్టదు. నాలుగో ఇంటి మలుపు తిరగదు. ఖాళీ కోసం వీధి చుట్టూ గిరగిరా తిరిగి, ఎక్కడో ఆపి, సంచీ ఒక చేత్తో డబ్బా ఒక చేత్తో పట్టుకుని పరుగులాంటి నడక నడిచేది. ఏడో ఇంటికి చేరేసరికి ఐదు దాటేది. పోనీ భయమైనా పోయిందా అంటే, ఇదివరకు వెనకవైపే ఉండేది, ఇప్పుడు నాలుగువైపులా పాకింది. పక్కనుంచి మోటారు సైకిల్ పోతే చాలు, ముడుచుకుపోయేది.

ఐదో ఇల్లు లారీ బాబాయిది. ముప్పై నాలుగేళ్లు లారీ తోలాడు. షుగరు వల్ల కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. ఆ రోజు అదృష్టవశాత్తూ ఆ ఇంటి ముందే చోటు దొరికింది. కట్టు విప్పుతుంటే ఆయన కిటికీలోంచి బండి వైపు చూశాడు.

"ఏం అమ్మాయ్, ఇంత బండెందుకు?"

"కాస్త ధైర్యంగా ఉంటుందని, బాబాయి గారూ."

"ఉందా మరి?"

ఆమె గాజుగుడ్డ కత్తిరించింది.

"నేనూ అంతెత్తున కూర్చున్నవాణ్ణే. వెనక ఇరవై టన్నుల సిమెంటుండేది కాబట్టి కూర్చున్నాను. నువ్వేం మోస్తున్నావు, దూదా?"

"ఊరుకోండి, పాపం దెబ్బ తిన్న పిల్ల" అని లోపలినుంచి ఆయన భార్య కసిరింది. సిస్టరు కట్టు ముగించి సంచీ సర్దుకుంది.

అప్పటికే ఆలస్యమైంది. ఆమె గబగబా వచ్చి బండెక్కి కదిలించింది. బానెట్ మీద ఎవరో అరచేత్తో దబదబా బాదారు. బ్రేకు తొక్కింది. ఎదురుగా ఎవరూ లేరు. ఒక క్షణం తర్వాత బానెట్ అంచు మీద నాలుగు వేళ్లు, వాటి వెనక నెరిసిన జుట్టు కనిపించాయి. పిన్నిగారు! మరిచిపోయిన థర్మామీటరు ఇవ్వడానికి వెనకాలే వచ్చి బండి ముందు నిలబడింది.

"ఏమ్మా, చూసుకోవద్దూ!"

దెబ్బేమీ తగల్లేదు. వెనక్కి తూలితే ఒక చెప్పు ఊడిపోయింది, అంతే. సిస్టరే బండి దిగి వచ్చి రోడ్డు మీద చతికిలబడింది. "కనపడలేదు పిన్నిగారూ, కనపడనేలేదు" అంది. అంటూనే తన మాట తనకే వినిపించింది. తనను గుద్దిన మనిషి ముఖం గుర్తొచ్చింది. అతని మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు.

బాబాయి కర్ర ఊతంతో మడమ మీద నడుస్తూ వచ్చాడు. తిట్టలేదు. సిస్టరును మళ్లీ సీట్లో కూర్చోబెట్టి, తాళం తన జేబులో వేసుకుని, భార్యను బండి ముందు నిలబెట్టి ఒక్కొక్క అడుగే వెనక్కి నడిపించాడు.

"ఇప్పుడు కనిపిస్తుందా మీ పిన్ని?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు, బాబాయి గారూ."

నాలుగో అడుగుకు ముఖం కనిపించింది. "నా లారీకి కింద చూసే అద్దం ఉండేది, పక్కన మనిషుండేవాడు. అయినా దిగి చుట్టూ చూశాకే కదిలించేవాణ్ణి. ఇంత బండి కావలసినవాళ్లు లేరనను. రాళ్లూ రప్పలూ ఎక్కేవాళ్లున్నారు, బరువులు లాగేవాళ్లున్నారు. తక్కినవాళ్లంతా పక్కవాడు పెద్దది కొన్నాడని కొన్నవాళ్లే" అన్నాడు.

ఇంటికెళ్లి జరిగింది జరిగినట్టు భర్తకు చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. "మరి మళ్లీ ఎవడైనా గుద్దితే?"

"గుద్దితే నాకు తగులుతుందండీ. దీంట్లో ఉంటే నావల్ల ఇంకొకరికి తగులుతుంది. అది ఇవాళ చూశాను. నావల్ల కాదు."

మూడో రోజు మాస్టారు టేపు పట్టుకుని కిందికి దిగి, బండి ముందు వంగుతూ లేస్తూ చాలాసేపు ఏదో కొలిచాడు. లెక్క ఎంతొచ్చిందో చెప్పలేదు. పైకొచ్చి తమ్ముడికి ఫోన్ చేశాడు. "మట్టి బస్తాలు వేసుకోవడానికి నీకు ఇదే బాగుంటుందిరా. కారు తెచ్చి ఇచ్చెయ్."

చిన్న కారు సీట్ల సందుల్లో మట్టితో, పేడ ఎరువు వాసనతో తిరిగొచ్చింది. ఏడిళ్లూ మళ్లీ మూడింటికల్లా అయిపోతున్నాయి. భయం మాత్రం బండితో పాటు మరిది ఇంటికి పోలేదు. ఎంతమందినో మనసు డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పిన మనిషి, చివరికి తనే వెళ్లింది. ఇప్పుడు ప్రతి గురువారం మధ్యాహ్నం వెళ్తుంది. కుర్చీ అంచున కూర్చుని సంచీ ఒళ్లోంచి దించదు.

"కాస్త వెనక్కి ఆనుకుని కూర్చోండమ్మా" అంటుంది డాక్టరమ్మ.

"ఇంకా రెండిళ్లున్నాయండీ" అంటుంది గోడ గడియారం వైపు చూస్తూ. అలా అంటూనే అరగంటా కూర్చుంటుంది.