కాశయ్య నమ్మిన నీళ్లు

చందూర్‌లో లష్కర్ కాశయ్య తెలియని రైతు లేడు. ముప్పై రెండేళ్లు పార భుజాన వేసుకుని నిజాంసాగర్ కాలువ గట్టు మీద తిరిగి, ఏ తూముకు ఎప్పుడు నీళ్లు వదలాలో చూసుకున్న మనిషి. ఎక్కడికెళ్లినా తను ముందు, భార్య పెంటవ్వ పది అడుగులు వెనక. ఆవిడ పుట్టింది మంజీర అవతలి మరాఠీ ఊళ్లో. నోట మరాఠీ ముక్క వచ్చిందంటే చాలు, "మళ్ల మొదలువెట్టినవా?" అని కసిరేవాడు. నలభై ఏళ్లుగా ఇదే వరస. వింటే నాకు ఒళ్లు మండేది. పక్కింటివాణ్ణి కాబట్టి ఊరుకునేవాణ్ణి.

పోయిన సెప్టెంబరులో మా వీధివాళ్లం వ్యాను మాట్లాడుకుని కొంకణ్ వెళ్లాం. సముద్రాన్ని ఆనుకుని కొండలు, కొండల నిండా అడవి, అక్కడక్కడా ఎర్రరాతి గోడల పెంకుటిళ్ల ఊళ్లు. అడవిలో గుడి చూసి వస్తుండగా కాశయ్య, పెంటవ్వ, నేను ముగ్గురం వెనకబడ్డాం. మబ్బు దిగి దారి కనబడలేదు. ఫోన్లలో సిగ్నల్ లేదు.

పెంటవ్వకు షుగరు. పొద్దున సూది వేసుకుంది, మధ్యాహ్నం మూడైనా మెతుకు ముట్టలేదు. అన్నం డబ్బా వ్యానులో ఉంది. చెరకు పండించే నేలవాళ్లం, షుగరు పడిపోతే నోట్లో వేయడానికి ముగ్గురి దగ్గరా చిటికెడు చక్కెర లేదు.

వాగు చప్పుడు వినగానే కాశయ్య ముఖం వెలిగింది.

"నీళ్లెంబడి పోతె ఊరు రాకుంట ఉంటదా? నా ఎనుక రాండ్రి."

మా దగ్గర అది నిజమే. కాలువ వెంట నడిస్తే ఏదో ఒక ఊరు తగులుతుంది. నేనూ నమ్మాను.

"ఇది నీ కాల్వ గాదు. పైకి పోదాం, ఎవలన్న ఉంటె పిలుస్త" అంది పెంటవ్వ.

"నాకు నీళ్ల సంగతి సెప్తున్నవా?"

నాచు పట్టిన బండల మీద అరగంట దిగాం. పెంటవ్వ చేతులు వణుకుతున్నాయి, చెమటతో జాకెట్ తడిసింది. ఒక మలుపు తిరిగేసరికి ముందు దారే లేదు. వాగు రెండు తాటిచెట్ల లోతుకు దూకేసింది. కింద అడవి తప్ప ఏమీ లేదు.

పెంటవ్వ కూలబడింది. ఏదో అడిగితే పొంతన లేని మాట చెప్పింది. ప్రాణం పోతుందేమోనని నేను తెలుగులో కేకలు పెట్టాను, ఎవరూ పలకలేదు. కాశయ్య ఆమె ముందు మోకాళ్ల మీద పడ్డాడు.

"నీ మాటల పిలువు. నాకు రాదు. నీ కాళ్లు మొక్కుత, పిలువు."

"బాయీ! కోణీ ఆహే కా?"

ఎవరైనా ఉన్నారా అని పెంటవ్వ మరాఠీలో పిలిచింది. మొదటిసారి గొంతు పెగల్లేదు. మూడో పిలుపుకు, మేం వద్దనుకుని వచ్చిన పైవైపు నుంచి ఒక ఆడగొంతు బదులు పలికింది.

కట్టెలు ఏరుకుంటున్న ముసలావిడ. పెంటవ్వను వంతులవారీగా వీపున మోసుకుంటూ ఆమె వెనకే ఎక్కాం. మోస్తున్నంతసేపూ కాశయ్య పెళ్లాం పేరు పిలుస్తూనే ఉన్నాడు. తన ఇంటి గడపలో అడుగు పెట్టగానే ముసలావిడ బెల్లం ముక్క, చెంబెడు నీళ్లు తెచ్చింది. ఇంటికొచ్చిన ఎవరికైనా ముందు అవే ఇవ్వడం వాళ్ల ఆచారమట. కాశయ్య బెల్లాన్ని చిదిపి కొంచెం కొంచెంగా పెంటవ్వ నోట్లో పెట్టాడు.

కాసేపటికి పెంటవ్వ చూపు నిలిచింది. కాశయ్య భోరుమన్నాడు.

"నలభై ఏండ్ల సంది ఈ నోరే మూపిచ్చిన."

"ఏడ్సుడు తర్వాత. దారి అడుగుత, సప్పుడు జేయకుండ కూసో" అంది పెంటవ్వ.

ఆవిడ మరాఠీలో దారి అడుగుతున్నంతసేపూ కాశయ్య నోరు మెదపకుండా కూర్చున్నాడు.