గాలిలోకి చాపిన చేయి

జపానులోని సెందాయిలో చలి ముదిరితే వేళ్ళు పగిలి మండుతాయి. అయినా హోషికావా సుమియె చేతులకి క్రీము రాయదు. ఆవిడ పని నీటి పైపొరతో. వేలిముద్రంత జిడ్డు పడిందా, ఆ రోజు పని గంగలో కలిసినట్టే.

ఆవిడ పనిచేసే ప్రయోగశాలలో నీటి గిన్నె మీద రెండు లేజరు వెలుగుల్ని ఒక్కచోటే పడేస్తారు. అక్కడ మూడో వెలుగు పుడుతుంది. అది పైపొర నుంచే వస్తుంది, లోపలి నీళ్ళు నోరు విప్పవు. దాన్ని రంగులుగా విడదీస్తే తెర మీద గీత కొండలై లేస్తుంది. పైపొరలో కొన్ని నీటి అణువులు ఒక చేయి గాలిలోకి చాపుకుని ఉంటాయి. కుడిచివర సన్నటి కొండ వాటిదే. చక్కెర ఎంత కలిపినా ఆ కొండ పోదని, చక్కెర పైకి రాకుండా లోపలే ఉంటుందని సుమియె వాదన. అందరూ సెన్సెయి, అంటే గురువుగారూ అని పిలిచే ప్రొఫెసర్ మునకాతా నమ్మలేదు.

"శుక్రవారం నేనే చేస్తాను. కొండ లేకపోతే ఈ చక్కెర గొడవ కట్టిపెట్టి వేరే పని చూసుకోండి హోషికావా గారూ."

"అలాగే సెన్సెయి. ఉంటే?"

"పేపరు రాసి అచ్చుకి పంపండి."

శుక్రవారం ఆయన అన్నీ పద్ధతిగానే చేశాడు. తలకి టోపీ మాత్రం పెట్టుకోలేదు, అవి కుర్రకారుకట. కొండ రాలేదు.

"పాపం, చదునైపోయింది," అన్నాడు పక్క బల్ల దగ్గర పనిచేసే తచిబానా.

సుమియె చలించలేదు. ఎడమవైపు లేచిన రెండు బుడిపెలు చూపించింది. "ఇవి నూనెవి. చక్కెర లేని నీళ్ళకి చేసి చూడండి."

చేశాడు. అవే బుడిపెలు.

"నూనె ఎక్కడిదమ్మా ఇక్కడ?"

"పొద్దున తలకి కమేలియా నూనె రాసి దువ్వుకున్నారు కదా సెన్సెయి. గిన్నె మీదకి వంగారు, మీ జుట్టూ వంగింది."

తచిబానా దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

ఆయన వెళ్ళి తల కడుక్కుని, టోపీ బిగించుకుని వచ్చాడు. కొత్త గిన్నె, కొత్త చక్కెర నీళ్ళు. ఎడమవైపు బుడిపెలు పోయాయి. కుడిచివర కొండ సూదిలా లేచింది.



"పేపరు రాయడం మొదలుపెట్టండి," అన్నాడు మునకాతా.

"రాసేశాను సెన్సెయి. మీ పేరు ఎక్కడ పెట్టాలో చెప్పండి."