జర నల్లగ కొట్టు

2019 నాటికి వరంగల్ స్టేషన్ రోడ్డులో ఫోటోలు కడిగే డార్క్‌రూమ్ మిగిలింది బహుశా నా స్టూడియోలోనే. ఆ పాత సామాను తీసి పారేయమని ఇంట్లో ఎంత సణిగినా నాకు మనసొప్పలేదు.

ఆ ఏడు తొర్రూరు నుంచి లక్ష్మి అనే పత్తి రైతు వచ్చింది. చనిపోయిన తల్లి కొమురమ్మకు ఉన్నది ఒకటే ఫోటో. సంవత్సరీకానికి దాన్ని పెద్దది చేయించాలని నెగెటివ్ కూడా తెచ్చింది. చిక్కల్లా కొమురమ్మ అక్కతోనే. ఆ పెద్దమ్మ ఫోటో చూసి ఈమె ఎవరని అడిగిందట. ఎవరో తెలియని మనిషికి దండ వెయ్యనని మొండికేసిందట.

ఫోటో చూడగానే నాకు సంగతి అర్థమైంది, అప్పట్లో ప్రింటు తీసినవాడు ఆమెను తెల్లగా చేసేశాడు. ఎక్స్‌పోజర్, అంటే కాగితం మీద వెలుగు పడే సమయం, తగ్గిస్తే మొహం తెల్లగా వస్తుంది, గిరాకీ సంబరపడుతుంది. పెళ్లిచూపుల ఫోటోలైతే సున్నం కొట్టినట్లే ఉండేవి.

"జర నల్లగ కొట్టు అన్నా. మా అమ్మ నల్లగుంటుండె," అంది లక్ష్మి.

నా సర్వీసులో ఆ మాట అన్న మనిషి ఆమె ఒక్కతే. నాకు ముచ్చటేసింది.

కాగితం మొత్తానికి వెలుగు పెంచితే చీరా, వెనుక పరదా బొగ్గయిపోయాయి. అందుకని బర్నింగ్ చేశాను. అట్టకు చిల్లు పెట్టి, అందులోంచి మొహం మీద మాత్రమే ఇంకాస్త వెలుగు పడనివ్వడమన్నమాట. అట్టను కదుపుతూనే ఉండాలి, లేకపోతే మొహం చుట్టూ అంచు కనబడుతుంది. నలుపు తెలుపుల తేడా పెంచే కాంట్రాస్ట్ ఫిల్టర్ కూడా ఒక మెట్టు పెంచాను. ఎర్రదీపం కింద, డెవలపర్ ట్రేలో, కొమురమ్మ గడ్డం మీద మూడు చుక్కలు తేలాయి. ముందు నెగెటివ్ మీది దుమ్మేమో అనుకున్నాను. దుమ్మయితే ప్రింటులో తెల్లగా వస్తుంది, ఇవేమో నల్లగా ఉన్నాయి. మనిషి మీదివేనని ముట్టుకోకుండా వదిలేశాను.

ఫోటో తీసుకోవడానికి లక్ష్మి పెద్దమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ముసలామె ఫోటోను గుమ్మం దగ్గరి వెలుగులోకి పట్టుకుపోయి అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంత పనీ వృథా అయిందేమోనని నాకు గుబులేసింది. ఆమె ఫోటోలోని గడ్డం మీద వేలు పెట్టి, ఇంకో చేత్తో తన గడ్డం తడుముకుంది. అక్కడా అవే మూడు పచ్చబొట్టు చుక్కలు.

"మేడారం జాతర్ల ఇద్దరం ఒక్కనాడే పొడిపిచ్చుకున్నం," అంది. "ఇది మా కొమురి."

అప్పుడు ఏడ్చింది. చెల్లెలు పోయిన దగ్గర్నుంచి ఆమె కంట నీళ్లు చూడలేదని లక్ష్మి మెల్లగా నాతో చెప్పింది.

అప్పటినుంచి పాత నెగెటివ్ ఎవరు తెచ్చినా నేను కాగితం మీద లైటు వేయకముందే ఒక మాట అడుగుతాను, మీవాళ్లు ఏ రంగుండేవారని. కొందరు మొహమాటపడతారు. చెప్పేదాకా కూర్చోబెడతాను.