తిరువూరులో మంచు కురిసిన రోజు

డెబ్భైల్లో నేను తిరువూరులో ఏడో తరగతి చదువుతున్నాను. ఎండలు ముదురుతుండగా మా బడికి ఇన్‌స్పెక్షను పడింది. భూగోళం చెప్పే సరోజినీ టీచరు కొత్తగా వచ్చారు. "మీరు గానీ నీళ్ళు నమిలారంటే నన్ను ఏ అడవిలోకో బదిలీ చేస్తారర్రా!" అంటూ వారం ముందే ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న పంచి, జవాబు బట్టీ పట్టించారు. మంచు ప్రశ్న రజియాది.

తీరా ఆ రోజు రజియాకి జ్వరం. ఇన్‌స్పెక్టరు గారు సరిగ్గా ఆ ప్రశ్నే అందుకుని నాకేసి చూశారు.

"మంచు ఎలా కురుస్తుందమ్మా? ఎప్పుడైనా చూశావా?"

"చూశానండి. ఇక్కడికి దగ్గరే, ఎ.కొండూరులో, మా అమ్మమ్మగారింట్లో. చప్పుడే ఉండదండి. గేదెలన్నీ తెల్లగా అయిపోతే, ఏది ఎవరిదో తెలీక ఆ పూట ఎవరూ పాలు పితకలేదండి."

టీచరు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

అప్పుడే గాలి లేచింది. బడి వెనకాల బూరుగు చెట్టు మీద కాయలు పగిలి, దూది కిటికీల్లోంచి నిద్రలో నడిచినట్టు మెల్లగా లోపలికొచ్చింది. బల్లల మీద, మా జడల మీద, ఆయన కోటు మీద వాలింది. ఎవ్వరం కదల్లేదు. ఆయన అరచెయ్యి చాపి ఒక పింజని పట్టుకున్నారు.

"ఎంతసేపు కురుస్తుంది?" అన్నారు, చిన్నపిల్లాడిలా.

"మనం మాట్లాడకుండా ఉన్నంతసేపండి."

ఆయన ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

పెద్దయ్యాక సిమ్లాలో అసలు మంచు చూశాను. చలి తప్ప అందులో ఏమీ లేదు. ఇదంతా మీరు నమ్మకపోతే మానెయ్యండి గానీ, సరోజినీ టీచరు మాత్రం మా తిరువూరులోనే రిటైరయ్యారు.